గ్రీటింగు కార్డు టపా కట్టిందా?

మొన్న దసరా సెలవులకి మా ఊరు మొగుళ్లపల్లి వెళ్లినప్పటి ముచ్చట. మా అమ్మ పాత సందుగ ముందేసుకుని సర్దుతోంది. నేను పక్కనే కూచుని ఫోనులో స్టోరేజీ ఖాళీ చేస్తున్నా. ఇద్దరిదీ ఒకటే పని అన్నమాట, ఎవరి చెత్త వాళ్లది :)

నా ఫోనులో ఉన్నదంతా హ్యాపీ దసరాలు, హ్యాపీ దివాళీలు, గులాబీ పువ్వు మీద గుడ్ మార్నింగులు. వందలకి వందలు టిక్కు పెట్టి డిలీట్ కొడుతున్నా. ఎవరు పంపారో కూడా చూడట్లేదు. అమ్మ సందుగ అడుగు నించి దారంతో కట్టిన ఓ ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఎనిమిది గ్రీటింగు కార్డులు. రంగులు వెలిసిపోయినయ్, అంచులు చెదలు కొట్టినయ్.

"ఇంకా ఎందుకమ్మా ఇవి?" అన్నా.

"ఉండనియ్యిరా. మీ చిన్నమామ పంపినయి."

మా చిన్నమామ భివండిలో పవర్‌లూముల మీద పనిచేసేవాడు. మా దిక్కు నేత కుటుంబాల వాళ్లు భివండి, సూరత్, షోలాపూర్ పోవడం కొత్తేం కాదు, చాలా ఇళ్లలో ఉన్న కథే. 2004లో పోయాడు. నాకు ఆయన మొహం లీలగా గుర్తు, అంతే. ఆయన చేతిరాత మాత్రం ఆ రోజే మొదటిసారి చూశా. ఒక కార్డు తెరిస్తే లోపల అచ్చులో ఇంగ్లీషు కవిత్వం. దాని కింద నీలం సిరాతో, "అక్కా, బాగున్న. పిల్లలు పైలం. వస్త."

ఐదే మాటలు. మిగతా కార్డుల్లోనూ అంతే, కాస్త అటూ ఇటూగా. "మామ గింత పిసినారా?" అని నవ్వా. అమ్మ నవ్వలేదు. "ఎక్కువ రాస్తే టికెట్ ఎక్కువైతదని రాయకపోవు" అంది.

ఈ మాట నన్ను పట్టుకుంది. టికెట్టుకీ మాటలకీ లంకె ఏంటి? హైదరాబాదు తిరిగొచ్చాక దాని వెంట పడితే, గ్రీటింగు కార్డు చరిత్ర అంతా ఆ లంకెలోనే ఉందని అర్థమైంది. బొమ్మలూ కవిత్వాలూ పైపై సంగతి. అసలు కథ పంపడానికి ఎంత ఖర్చవుతుందన్నది.

మిస్డ్ కాల్ కాలం

1840కి ముందు ఇంగ్లాండులో ఉత్తరం ఖర్చు మామూలుగా అందుకున్నవాడి నెత్తిన పడేది. దూరాన్ని బట్టి, కాగితాల లెక్కని బట్టి రేటు. బీదవాళ్లకి ఒక్క ఉత్తరం విడిపించుకోవాలన్నా తలకి మించిన భారం. మరి జనం ఏం చేశారు? మనం ఏం చేశామో అదే :) కవరు మీద ముందే అనుకున్న గుర్తు ఒకటి గీసి పంపేవాళ్లు. అందుకునేవాడు గుర్తు చూసుకుని, "నాకొద్దు, డబ్బుల్లేవు" అని వెనక్కి పంపేసేవాడు. కబురు అందింది, పైసా ఖర్చు లేదు. మన మిస్డ్ కాల్‌కి ముత్తాత అన్నమాట.

రోలాండ్ హిల్ అనే ఆయన లెక్కలు కట్టి, దేశంలో ఎక్కడికైనా ఒకటే రేటు, అదీ ఒక పెన్నీ, పంపేవాడే ముందు కట్టాలి అని వాదించి గెలిచాడు. 1840లో పెన్నీ తపాలా వచ్చింది. దాంతోపాటే ప్రపంచంలో మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ల, పెన్నీ బ్లాక్.

ఆ సంస్కరణలో హిల్‌కి సాయం చేసినవాళ్లలో హెన్రీ కోల్ ఒకడు. పెన్నీ తపాలా వచ్చాక అందరూ అందరికీ ఉత్తరాలు రాయడం మొదలెట్టారు. క్రిస్మస్ వచ్చేసరికి కోల్ బల్ల మీద జవాబు రాయాల్సిన ఉత్తరాలు గుట్ట పడేవి. జవాబివ్వకపోతే మర్యాద కాదు, ఇద్దామంటే తీరిక లేదు. 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఓ బొమ్మ గీయించి, వెయ్యి కాపీలు అచ్చు వేయించాడు. పైన "ఫలానా వారికి" అని రాయడానికి ఖాళీ, కింద పంపినవాడి పేరుకి ఖాళీ. మొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డుగా చెప్పుకునేది దీన్నే.

గమనించారా? గ్రీటింగు కార్డు పుట్టిందే తీరికలేని మనిషి తప్పించుకునే దారిగా. టెంప్లేటు, రెండు వేరియబుల్స్, మెయిల్ మర్జ్. ఈ రోజుల్లో ఫార్వర్డ్ కొట్టేవాళ్లని తిట్టేముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

కోల్ కార్డు ధర ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. ఒక కార్డు డబ్బుతో 12 ఉత్తరాలు పంపొచ్చు. అందుకే అప్పట్లో పెద్దగా పాకలేదు. రంగుల అచ్చు చవకయ్యాక, 1870లో అర పెన్నీ తపాలా వచ్చాక మామూలు జనం చేతికొచ్చింది. అమెరికాలో లూయీ ప్రాంగ్ 1870ల్లో క్రిస్మస్ కార్డుల వ్యాపారం మొదలెట్టాడు. 1910లో కాన్సస్ సిటీలో మొదలైన హాల్ సోదరుల కొట్టే తర్వాత హాల్‌మార్క్ అయింది. ఇక కోల్ వేసిన ఆ వెయ్యి కార్డుల్లో ఒకటి 2001లో వేలానికొస్తే 20 వేల పౌండ్లకి పైనే పలికింది. తన నానమ్మకి ఆయన పంపిన కార్డు అది.

మన దగ్గర

మన దేశంలో దూరంతో పనిలేకుండా ఒకే రేటు 1854లో వచ్చింది, ఉత్తరానికి అర్ధణా. 1879లో పావు అణాకి పోస్టు కార్డు వచ్చింది. మావైపు నిజాం రాజ్యం కాబట్టి తపాలా కూడా నిజాందే. 1869 నించి సొంత బిళ్లలు. 1871 నాటి బిళ్లల మీద తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి. 1950లో అదంతా భారత తపాలాలో కలిసింది.

అచ్చు శుభాకాంక్షల్లో మన దేశంలో ముందు పాకినవి క్రిస్మస్, న్యూ ఇయర్ కార్డులు, తర్వాత ఈద్ కార్డులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే లాహోరు, బొంబాయి ప్రెస్సులు ఈద్ ముబారక్ కార్డులు వేసేవి. మరి మా ఊరి లాంటి ఊళ్లలో? అక్కడ కార్డుతో పనే లేదు.

పెండ్లికి పిలవాలంటే మనిషి ఇంటికి రావాలి, బొట్టు పెట్టి చెప్పాలి. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోయి, ఆకు తెచ్చుకుని, ఇంటింటికీ తిరిగి "బంగారం" అని చేతిలో పెట్టాలి. ఈడువాళ్లయితే అలాయ్ బలాయ్, పెద్దవాళ్లయితే కాళ్లకి మొక్కాలి. ఒకరకంగా అదే మా ఊరి గ్రీటింగు. అచ్చు ఖర్చు లేదు, టికెట్టు లేదు. కానీ నడవాలి. కాళ్లతో కట్టే తపాలా ఖర్చు అది.

కార్డు అవసరం ఎప్పుడొచ్చిందంటే, మనిషి ఊరు విడిచి పోయినప్పుడు. భివండి నించి జమ్మాకు పట్టుకుని ఎవరు నడిచి వస్తారు?

ఐదు మాటల లెక్క

ఇప్పుడు మా మామ టికెట్టు సంగతి. మీలో చాలామంది ఇళ్లలో పాత కార్డుల కవర్ల మీద ఓ మూల "బుక్ పోస్ట్" అని రాసి ఉండటం చూసుంటారు. కవరు అంటించకూడదు, మూత లోపలికి దోపాలి. అచ్చు కాగితాలకి అప్పట్లో తపాలాశాఖ ఇచ్చిన తక్కువ రేటు అది. పుస్తకాలూ కరపత్రాలూ చవగ్గా పోవాలని పెట్టింది. గ్రీటింగు కూడా అచ్చు కాగితమే కదా, ఆ రేటుకే పోయేది.

కానీ అందులో మీరు చేత్తో సొంత విషయం రాస్తే అది ఉత్తరం అయిపోయేది. ఉత్తరం రేటు కట్టాల్సి వచ్చేది. మరి సంతకం, "బాగున్నాం" లాంటి మర్యాద మాటల సంగతేంటి? అంతర్జాతీయ తపాలా నిబంధనల్లో దీనికో గీత గీశారు. అచ్చు కార్డు మీద చేత్తో రాసే మర్యాద మాటలు ఐదుకి మించకూడదు. ఆరో మాట రాశారో, అది ఉత్తరం!

ఎవరు చెప్పారో ఏమో, మా మామ ఈ లెక్క గట్టిగా పట్టుకున్నాడు. ఎక్కువ రాస్తే బేరింగ్ అవుతుంది, తక్కువ పడ్డదానికి రెట్టింపు మా అమ్మ దగ్గర వసూలు చేస్తారని ఆయన భయం. అందుకే ఐదు మాటలు. ఏడాది మొత్తాన్నీ ఐదు మాటల్లో కుక్కాలి. మిగతా స్థలమంతా, ఆయనకి అర్థం కాని, మా అమ్మకీ అర్థం కాని ఇంగ్లీషు కవిత్వం.

మా అమ్మ ఆ కవిత్వాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. ఐదు మాటల్నే దాచుకుంది.

అన్నట్టు, ఇంతకన్నా గట్టి కంప్రెషన్ టెలిగ్రాములో ఉండేది. పండక్కీ, పెళ్లికీ, పరీక్ష పాసైనదానికీ, బిడ్డ పుట్టినదానికీ శుభాకాంక్షల వాక్యాలు ముందే తయారుగా ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మీరు ఫారం మీద నంబరు రాస్తే చాలు. తీగ మీద నంబరే పోయేది, అవతలి ఆఫీసులో దాన్ని పూర్తి వాక్యంగా విప్పి అందమైన కాగితం మీద ఇచ్చేవాళ్లు. లుకప్ టేబుల్ అన్నమాట. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది, టేబులూ దాంతోపాటే పోయింది.

పాడే కార్డులు

1979 మన దేశపు కార్డుల కథలో గట్టి ఏడాది. ఢిల్లీలో ఆర్చీస్ మొదలైంది ఆ ఏడే. పిల్లల కోసం పనిచేసే క్రై సంస్థ బొంబాయిలో పుట్టిందీ ఆ ఏడే. దాని కార్డులు కొంటే డబ్బు పిల్లలకి పోయేది. ఈ పద్ధతికి పాదు యూనిసెఫ్‌ది. 1949లో ఒక చెకోస్లోవేకియా పాప తమ ఊరికి చేసిన సాయానికి కృతజ్ఞతగా గీసిన బొమ్మతో వాళ్ల మొదటి కార్డు వచ్చింది.

టీవీ వచ్చి, శివకాశి ఆఫ్‌సెట్ అచ్చు చవకై, 90ల్లో కార్డులు మా ఊళ్లకీ దిగాయి. మా స్కూలు రోజులకి, అంటే 2005 తర్వాత, ఆ వరద చివరికొచ్చింది గానీ మాకు అందింది. డిసెంబరు 20 దాటితే చాలు, కిరాణం కొట్టు ముందు తాడు కట్టి, క్లిప్పులకి కార్డులు వేలాడేసేవాళ్లు. చిరంజీవి, మహేష్ బాబు, టెండూల్కర్, వెంకటేశ్వరస్వామి, తెల్ల కుక్కపిల్ల... అందరూ ఒకే తాడు మీద. రూపాయికోటి, రెండ్రూపాయలకోటి. ఎవరికి హీరో కార్డు, ఎవరికి పువ్వు కార్డు అన్నదాని మీద క్లాసులో రాజకీయాలు నడిచేవి. తిరిగి ఇవ్వకపోతే జనవరి మొత్తం మాటల్లేవు.

పాడే కార్డు అయితే ఆస్తి కింద లెక్క. మా పెద్దనాన్న కొడుకు తెచ్చిన కార్డు తెరిస్తే జింగిల్ బెల్స్ పాడేది. నేను దాన్ని చింపి చూశా, తన్నులు కూడా తిన్నా. తర్వాత బీటెక్‌లో మినీ ప్రాజెక్టు చేస్తున్నప్పుడు యూఎం66 అనే మూడు కాళ్ల ఐసీ చేతికొచ్చింది. ఈసీఈ వాళ్లకి చెప్పక్కర్లేదు. ట్రాన్సిస్టర్‌లా కనబడుతుంది, లోపల ఒక పాట ఉంటుంది. పాడే కార్డుల్లో దూరిన మెలడీ చిప్పుల జాతిది. డేటాషీటు చూస్తుంటే మా అన్న ఏడుపు మొహం గుర్తొచ్చింది.

మన వృత్తి చేసిన పుణ్యం

ఇక్కణ్నించి కథ మన చేతుల్లోకొచ్చింది. కొత్త దారి దొరికినప్పుడల్లా అందులో మొదటి అడుగుల్లోనే శుభాకాంక్ష ఉంది. కాస్త చూడండి.

1987 డిసెంబరులో పశ్చిమ జర్మనీలోని క్లౌస్తాల్ విశ్వవిద్యాలయం నించి ఒక రెక్స్ స్క్రిప్టు బయలుదేరింది. నడిపితే తెర మీద అక్షరాలతో క్రిస్మస్ చెట్టు గీస్తుంది. గీస్తూనే మీ అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ తనని తాను పంపుకుంటుంది. బిట్‌నెట్ నించి ఐబీఎం సొంత నెట్‌వర్కులోకి పాకి దాన్ని స్తంభింపజేసింది. పెద్ద ఎత్తున పాకిన తొలి నెట్‌వర్కు పురుగుల్లో ఒకటి... ఒక గ్రీటింగు కార్డు!

1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు మొట్టమొదటి ఎస్సెమ్మెస్ పంపాడు. ఏం పంపాడు? "మెర్రీ క్రిస్మస్". ఫోనులో టైపు చేసే వీలు లేదు కాబట్టి కంప్యూటర్ నించి పంపాడు. అందుకున్న వొడాఫోన్ ఆయన జవాబు కూడా ఇవ్వలేకపోయాడు.

1994లో ఎంఐటీ మీడియా ల్యాబులో జుడిత్ డోనాత్ వెబ్ మీద ఎలక్ట్రిక్ పోస్ట్‌కార్డ్ పెట్టింది. తర్వాత బ్లూ మౌంటెన్ వగైరా ఈ-కార్డుల సైట్లు. బ్లూ మౌంటెన్‌ని 1999లో ఎక్సైట్ ఎట్ హోమ్ 78 కోట్ల డాలర్లకి కొంది. రెండేళ్లలో బుడగ పేలి, 2001లో అమెరికన్ గ్రీటింగ్స్‌కి మూడున్నర కోట్లకి అమ్మింది. 2007లో స్టార్మ్ అనే వైరస్ "మీ ఇంటివాళ్లు మీకో కార్డు పంపారు" అనే మెయిళ్లతో లక్షల కంప్యూటర్లలోకి దూరింది. అప్పట్నించి ఈ-కార్డు కనబడితే ఐటీ డిపార్టుమెంటువాళ్లు "నొక్కకండి మహాప్రభో" అనడం మొదలెట్టారు.

తెలుగు సంగతి మరీ తమాషా. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. యూనికోడ్ తెలుగు అయితే 70. "శుభాకాంక్షలు" మన కంటికి ఐదు అక్షరాలు. ఫోనుకి మాత్రం గుణింతాలు, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేస్తే 12. అందుకే జనం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉగాదిని కానిచ్చేశారు. పైగా పండగ రోజుల్ని కంపెనీలు "బ్లాకౌట్ డే" అని ప్రకటించి ఉచిత మెసేజుల ప్యాకు పనిచేయకుండా చేసేవి. మా మామ ఐదు మాటలు లెక్కపెట్టినట్టే మనమూ అక్షరాలు లెక్కపెట్టాం.

తర్వాత వాట్సాప్ వచ్చి ఆ లెక్కే ఎత్తేసింది. 2018 కొత్త సంవత్సరం సందర్భంగా మన దేశంలో 2000 కోట్ల మెసేజులు పోయాయని ఆ కంపెనీయే చెప్పింది. గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్లు నిండిపోతున్నాయని, వాటిని ఏరి పారేసే సదుపాయం గూగుల్ తన ఫైల్స్ గో యాప్‌లో పెట్టింది, అదీ 2018లోనే. అదే ఏడాది పుకార్ల గొడవల తర్వాత మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. మళ్లీ ఐదు! కాకపోతే తపాలావాళ్ల ఐదు మాటల మీద, వాట్సాప్ ఐదు చాట్ల మీద.

అసలు చెప్పాలనుకున్నది

ఇక్కడిదాకా అయితే సరదా చరిత్ర. నన్ను కూచోబెట్టి రాయించింది మాత్రం ఇంకోటి.

ఆ రోజు అమ్మ పక్కన కూచుని డిలీట్ కొడుతూ కొడుతూ ఒక చోట ఆగిపోయా. నా బీటెక్ రూమ్మేటు చాట్. 2021 మే నెలలో, కరోనా రెండో వేవులో పోయాడు. వాడి నించి వచ్చిన చివరి మెసేజు ఏప్రిల్ 13, ఉగాది రోజుది. మావిడాకులు, వేపపువ్వు, కుండ ఉన్న బొమ్మ. పైన జంట బాణాల గుర్తు, "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని. దాని కింద నా జవాబు, "సేమ్ టు యూ".

నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఒకే ప్లేటులో తిన్నాం. చివరికి మా మధ్య మిగిలింది ఎవడో గీసిన బొమ్మ, నేను కొట్టిన మూడు ముక్కలు. మా అమ్మ దగ్గర మామ చేతిరాతలో నలభై మాటలున్నాయి. నా దగ్గర వాడిది ఒక్కటి కూడా లేదు.

పాతకాలం బంగారం, ఇప్పటిది ఇత్తడి అని నేను అనట్లేదు. కోల్ గారూ టెంప్లేటే వాడాడు. టెలిగ్రాములో నంబరే పోయింది. మా మామ కార్డులో కవిత్వం కూడా ఎవరిదో. అచ్చు మాట ఎప్పుడూ ఎవరిదోనే. దాని పక్కన, పంపినవాడు తన జేబులోంచో, చేతిలోంచో, కాళ్లలోంచో పెట్టినది కొంచెం ఉండేది. ఖర్చు తగ్గించుకుంటూ వస్తూ వస్తూ ఆ కొంచెం కూడా తీసేశాం. దాన్ని తీసేసింది టెక్నాలజీ కాదు. ఆరో మాటకి టికెట్టు లేని ఈ రోజుల్లో నన్ను ఒక్క సొంత మాట రాయొద్దని ఎవరూ ఆపలేదు.

పెళ్లికార్డు చూడండి. పీడీఎఫ్ ఉచితం. అయినా హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డుల అచ్చు ఇంకా నడుస్తూనే ఉంది. మా ఊళ్లో పెద్దమనుషులు "వాట్సాప్‌ల పెడితె వస్తమా?" అని మొహం మీదే అంటారు. వాళ్లకి కావాల్సింది కార్డు కాదు, దాన్ని పట్టుకుని మనిషి గడప దాకా రావడం. నాలుగు మూలలా పసుపు పెట్టడం. ఫార్వర్డ్ చేయలేనిది అదొక్కటే. కార్డు నిజంగా టపా కట్టిందా అంటే, అచ్చు కట్టింది గానీ ఆ పని కట్టలేదు.

ఆ సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర్నించి రెండు రెమ్మలు ఎక్కువ తెచ్చుకున్నా. మర్నాడు బండి మీద హన్మకొండ పోయి మా వాడి ఇంటి తలుపు కొట్టా. నాలుగేళ్లుగా ప్రతి పండక్కీ వాళ్ల నాన్నకి బొమ్మలు పంపుతూనే ఉన్నా, ఆయనా నాకు బొమ్మలు పంపుతూనే ఉన్నాడు. మొహం చూసి మాత్రం అంతకాలమైంది. ఆకు చేతిలో పెట్టి కాళ్లకి మొక్కితే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తిని పో బిడ్డా" అన్నాడు.

తిని వచ్చా.

మీ ఇళ్లలో కూడా సందుగ అడుగున ఇలాంటి కవరేదైనా ఉంటే ఓసారి తీసి చూడండి. అచ్చు కవిత్వం కింద ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి చెప్పండి.